సగం నీళ్ల ట్యాంకరు

జీపు పొట్టిది, ట్యాంకరు బరువైనది. ఈ రెంటినీ కలిపి కట్టడం తెలివితక్కువ పని అని తెలిసే కట్టాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, వరుసగా వానలు మొహం చాటేసిన కాలమది. కుందుర్పి దగ్గర మా చేలో బోరు ఎండిపోయింది. అప్పుడప్పుడే కాపుకు వచ్చిన మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, నీళ్లు లేక మాడిపోతోంది.

ఆ తోట నా పట్టుదల. మా నాయన జన్మంతా వేరుశనగ వేసినవాడు. చీనీ పెడదామని నేను రెండేళ్లు ఆయన చెవిలో జోరీగలా రొద పెడితే చివరికి సరేనన్నాడు. మొక్కలు నాటింది నేను, పాదులు తీసింది నేను. వాటిని బతికించాల్సింది కూడా నేనే అనుకున్నాను.

ట్రాక్టరు అప్పటికే అమ్మేశాం. మిగిలింది పాత జీపు ఒక్కటే. దాని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఒక మంచం పొడవంత ఎడం ఉండేది, అంతే. రెండు వేల లీటర్ల ఇనుప ట్యాంకుకు రెండు చక్రాలు తగిలించి, జీపు వెనక కొక్కేనికి బిగించుకున్నాను. వెల్డింగ్ చేసిన ముసలాయన ఒక్కరోజు ఆగమన్నాడు. నీళ్లు అటూ ఇటూ పొర్లకుండా లోపల అడ్డరేకులు వేసిస్తానన్నాడు. ఆ ఒక్కరోజు ఆగే ఓపిక నాకు లేకపోయింది. అట్లయితే నిండుగా లాగు, లేదంటే ఖాళీగా లాగు, సగం నీళ్లతో మాత్రం లాగొద్దు అని చెప్పి పంపాడు.

మా మామ బోరు దగ్గర నింపుకుని తోటకు చేరాలంటే పది కిలోమీటర్లు. నడుమ ఒక చిన్న ఊరు, ఊరు దాటగానే వంకలోకి, అంటే ఎండిన వాగులోకి, దిగే దారి. నాయన రోజూ నా పక్కన కూర్చుని వచ్చేవాడు. ఆ ఊళ్లో చేతిపంపు కూడా ఎండిపోయింది. మా బండి చప్పుడు వింటే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దారి పక్కకు వచ్చేవాళ్లు. బిందె చూపించి నీళ్లడిగితే కాదని పోయే అలవాటు మా వైపు లేదు. నాయన ఆపమనేవాడు, తనే దిగి కొళాయి తిప్పేవాడు. రెండు బిందెలు పదవుతాయి, పది యాభై అవుతాయి. పోసే ప్రతి బిందెలో నాకు ఒక చెట్టు కనబడేది. లోపల పళ్లు కొరుక్కునేవాడిని.

ఒకరోజు అట్లా పోసి పోసి, సగం మిగిలిన ట్యాంకరుతో వంకలోకి దిగుతున్నాం. బ్రేకు తొక్కగానే నీళ్లన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి గుద్దాయి. వెనక్కి పోయి మళ్లీ గుద్దాయి. ట్యాంకరు ఎటు ఊగితే జీపు నడ్డి అటు పోతోంది. స్టీరింగు నా చేతిలో ఉంది గాని బండి నా చేతిలో లేదు. అడ్డం తిరిగి, ఒక తుమ్మచెట్టుకు ఆనుకుని ఆగింది. నాయన నుదురు చిట్లింది. తువ్వాలు అదిమి పెట్టుకుని దిగి, ట్యాంకు చుట్టూ తిరిగి తడిమి చూసి, కారలేదులే అన్నాడు.

ఇక దారిలో ఒక్క బిందె కూడా పోసేది లేదని ఆ రోజే తేల్చి చెప్పాను. సగం నీళ్లతో దిగితే ఇద్దరం చస్తామన్నాను. అది నిజమే. కాని ఆ నిజం నా స్వార్థానికి బాగా అక్కరకొచ్చింది. మరుసటి రోజు నుంచి హారన్ కొట్టుకుంటూ ఊరు దాటేవాడిని. నాయన బిందెల వైపు చూడలేక తన కాళ్ల వైపు చూసుకునేవాడు. పది రోజులకు వాళ్లు దారి పక్కకు రావడం మానేశారు. నాకు హాయి అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కాని అనిపించింది.

ఒక పొద్దున ఆ ఊరి నడుమ నాయన బండి ఆపమన్నాడు. దారిలో ఎవరూ లేరు. గడప దగ్గర కూర్చున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. నాయన ఆమె దగ్గరికి పోయి బిందె తెమ్మని అడిగాడు. నేను దిగి, సగం చేస్తే దిగుడులో బండి నిలవదని గుర్తు చేశాను.

"సగమెందుకు? అంతా పోసేద్దాం. ఖాళీ బండి బాగానే పోతాది కదా."

అరిచాను, చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన విడిపించుకుని కొళాయి తిప్పాడు. ఊరంతా వచ్చింది. బిందెలు, బకెట్లు, వంటగిన్నెలు కూడా తెచ్చుకున్నారు. ట్యాంకు అడుగంటేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఖాళీ ట్యాంకరు ఏ ఇబ్బందీ పెట్టకుండా వంక దిగింది. తోట గట్టు దగ్గర బండి ఆపి నేను అనకూడని మాట అన్నాను.

"ఊరికి మంచోడివైనావు. నా చెట్లను నువ్వే చంపినావు నాయనా."

ఆయన బండి దిగాడు. ఇంటికి నడిచిపోయాడు.

ఆ తర్వాత ఐదారు రోజులు పంతం కొద్దీ ఒక్కడినే నీళ్లు తోలాను. ఒక్క చెట్టూ చిగురు వేయలేదు. ఇక లాభం లేదనుకుని గొడ్డలి తీసుకుని తోటకు పోతే, పిలవకుండానే నాయన కూడా తన గొడ్డలితో వచ్చాడు.

మొదటి చెట్టు మొదట్లో బెరడు మీద చిన్న గాటు కనబడింది. చెట్టులో ప్రాణం ఉందో లేదో చూడాలంటే బెరడు గీకుతాం. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. నేనెప్పుడూ గీకలేదు, గీకితే తెలిసిపోతుందని నా భయం. ఆ గాటు లోపల గోధుమ రంగే ఉంది. పక్క చెట్టుకూ అదే గాటు. వరస చివరిదాకా నడిచాను, తర్వాతి వరసకు తిరిగాను. తోటలో ప్రతి చెట్టుకూ ఉంది. గాట్లలో దుమ్ము పేరుకుపోయింది.

ఇవి ఎప్పుడు గీకావని నాయనను అడిగాను. ఊళ్లో ట్యాంకు మొత్తం పోసేయడానికి ముందు రోజు సాయంత్రం అన్నాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. గొడ్డలి కింద పెట్టాడు.

"అంత ఆశతో తోలుతాంటివి. ఇంగ లేవు అని యా నోటితో చెప్పల్ల నీకు?"

నువ్వే చంపావని నేనన్న మాటను మోయడానికి ఒప్పుకున్నాడు గాని, నా చెట్లు చచ్చాయన్న మాట నాకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. అప్పుడే ఆయన చేతులు పట్టుకుని ఏడ్చి ఉండాల్సింది. అట్లా చేయలేదు. మొహం పక్కకు తిప్పుకుని చెట్టు నరకడం మొదలుపెట్టాను. నాయన ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. మూడేళ్లూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకున్నది తిన్నాం. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు.