దేవ్లా పరిచిన మెత్తటి పొర

భయపడటంలో దేవ్లాను మించినవాడు ములకలపల్లి మండలంలోనే లేడని అతని భార్య ద్వాలి అంటుంది. అందులో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. అతను అడవి అంచు తండాలో పుట్టాడు. పోడు చేలో తండ్రి వెంట కలుపు తీసే వయసులో, దూరంగా ఫారెస్టువాళ్ళ జీపు చప్పుడు వినపడితే నోరు మూసుకుని తుప్పల్లో దూరాలని నేర్పారు. దొరికిపోతే, వాళ్ళు ఏమడిగినా "అవ్ సార్" అనాలనీ నేర్పారు. ఆ రోజులు పోయాయి. ఆ చేనుకు పట్టా కూడా వచ్చింది. యాభై దాటిన దేవ్లా మాత్రం, ఎదుటి మనిషి కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, ఇప్పటికీ "అవ్" అనేస్తాడు.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్ళు కార్పెట్లూ, చెక్క ఫ్లోరింగూ, వినైల్ షీట్లూ పరిచి వచ్చాడు. జనం పైన కనిపించే రంగు చూసి మురిసిపోతారు. అసలు సంగతంతా కింద వేసే పొరలో ఉంటుంది. పనివాళ్ళు దాన్ని అండర్‌లే అంటారు. చెక్క పలకల కింద మందపాటి ఫోమ్ వేస్తే అడుగు పడ్డప్పుడల్లా పలక వంగి అతుకులు విడిపోతాయి. అక్కడ పల్చటిదే వేయాలి. గోదావరి దగ్గరి ఇళ్ళలో నేల ఎండాకాలం ఎంత పొడిగా కనిపించినా, వానల్లో చెమ్మ పైకి లేస్తుంది. ముందుగా ప్లాస్టిక్ షీటు పరచకపోతే కార్పెట్ ముక్కిపోతుంది. పడకగదిలో మెత్తటి ఫోమ్ హాయిగానే ఉంటుంది. మెట్ల మీదా, కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్ళున్న చోటా మాత్రం పల్చగా, గట్టిగా ఉండే రబ్బరు షీటు తప్ప ఇంకోటి వేయకూడదు. ఇదంతా దేవ్లాకు కంఠతా వచ్చు. ఇంకొకరికి చెప్పాల్సి వస్తేనే నోరు పెగలదు.

ఆ వేసవిలో బూర్గంపాడు నుంచి పని వచ్చింది. ఇల్లు వెంకటరామారావుది. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. ఆయనకు వ్యవసాయంతో పాటు ఎరువుల కొట్టు కూడా ఉంది. ఆయన తల్లి పద్మావతమ్మ నున్నటి గ్రానైట్ నేల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఖమ్మంలో ఆపరేషన్ చేయించారు. పని పెట్టుకున్న రోజే మధ్యాహ్నానికి కొడుకు ఆమెను కారులో ఇంటికి తీసుకొస్తాడు. ఈలోగా ఆమె గదిలో కార్పెట్ పడాలి.

దేవ్లా పొద్దున్నే ట్రాలీ ఆటోలో కార్పెట్‌తో పాటు రెండు అండర్‌లే చుట్టలు తెచ్చాడు. ఒకటి మందపాటి ఫోమ్, ఇంకొకటి సన్నటి రబ్బరు. రామారావు భార్య నిర్మలాదేవి వచ్చి రెంటినీ బొటనవేలితో నొక్కి చూసింది. పరుపు కొనేటప్పుడు మనవాళ్ళంతా చేసే పనే అది. అండర్‌లేను కూడా అలాగే ఎంచుకోవచ్చనుకోవడం దగ్గరే కొంపలు మునుగుతాయి.

"ఇది రాయిలా ఉంది. ఇదైతే చూడు, ఎంత మెత్తగా ఉందో! పొరపాటున పడ్డా అత్తయ్యకి దెబ్బ తగలదు. ఇదే వేసెయ్. ఏమంటావు?"

మెత్తగా ఉంటేనే కాలు దిగబడి పడుతుందమ్మా అని చెప్పాలి. అప్పుడే ఆమె వేడివేడి ఇడ్లీలు పెట్టించింది. గడపలో నిలబెట్టకుండా లోపల కుర్చీ వేయించింది. అంత మర్యాద చేసిన మనిషికి ఎదురు చెప్పడమా? దేవ్లా తల ఊపాడు.

"అవ్ అమ్మా, బాగుంటది."

పన్నెండు గంటలకు పని అయిపోయింది. పనిముట్లు సర్దుకుంటుంటే గది మూల కొత్త వాకర్ కనిపించింది. నాలుగు సన్నటి కాళ్ళు. అవి ఆ మెత్తట్లో దిగబడతాయని అతనికి తెలుసు. అయినా బయటికి వచ్చేశాడు. రబ్బరు చుట్టను ట్రాలీ అతను తర్వాత తీసుకెళ్తాడని వరండాలోనే వదిలేసి, పాల్వంచ బస్సెక్కాడు.

బస్సులో కూర్చున్నాడే గానీ ప్రాణం కుదుట పడలేదు. హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు గుర్తొచ్చింది. అక్కడ ఒక రిటైరైన మాస్టారు గదిలో, ఇలాగే ఇంట్లోవాళ్ళు నొక్కి చూసి ముచ్చటపడ్డ ఫోమే వేశారు. మేస్త్రీ సరేనన్నాడు, దేవ్లా పరిచాడు. చేతికర్ర మెత్తట్లో దిగబడి మాస్టారు పక్కకు ఒరిగి పడ్డాడు. మంచం మీదికి చేర్చారు గానీ మళ్ళీ లేవలేదు. ముసలాయన కదా, తూలి ఉంటాడు అనుకున్నారంతా. ఎవరూ దేవ్లాను ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే ఇంత భయం ఉండేది కాదేమో.

నిర్మలాదేవికి ఫోన్ చేశాడు.

"ఏంటి దేవ్లా?" అంది ఆమె.

"ఏం లేదమ్మా... అంచులు మంచిగున్నయా అని."

"బ్రహ్మాండంగా ఉన్నాయి. అత్తయ్య వాళ్ళు కొత్తగూడెం దాటారట. వచ్చేస్తారు."

"అవ్ అమ్మా" అని పెట్టేశాడు. తన నోరు తనకే అసహ్యమేసింది. ఈసారి ద్వాలికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. ఆమె లంబాడీలోనే కడిగేసింది.

"నిన్నేం జేస్తరు? తిడ్తరు, గంతేగా! ఆ ముసలామె పడితే ఏమైతదో గది సోచాయించు. దిగు. బస్సు దిగు ముందు."

పాల్వంచలో దిగాడు. తిరిగి వెళ్ళడానికి షేర్ ఆటో దొరికింది. అది చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగుతుంది. సగం దారిలో తెల్ల కారు ఒకటి హారన్ కొట్టి పక్క నుంచి దూసుకుపోయింది. వెనక సీట్లో దిండుకు ఆనుకుని ఉన్న తెల్ల జుట్టు తల కనిపించింది. దేవ్లాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"జల్దీ పోనియ్యే అన్నా, నీకు దండం పెడ్త!" అన్నాడు డ్రైవర్‌తో. డ్రైవర్ ఇంకో ఇద్దరిని ఎక్కించుకునేందుకు ఆపాడు.

బూర్గంపాడులో దిగి పరుగెత్తాడు. కారు గేటు ముందు ఖాళీగా ఉంది. చెప్పులతోనే వరండా దాటి హాల్లోకి వెళ్ళాడు. పద్మావతమ్మ వాకర్ పట్టుకుని గది గుమ్మంలో నిలబడి ఉంది. వెనక కొడుకు, పక్కన కోడలు. వాకర్ ముందు కాళ్ళు రెండూ అప్పటికే కార్పెట్ మీద ఉన్నాయి.

"ఆగు! అడుగెయ్యకు!" అని అరిచాడు.

అంత గొంతు తనకుందని దేవ్లాకే తెలియదు. రామారావు గిర్రున తిరిగాడు.

"ఎవరి మీద అరుస్తున్నావురా? చెప్పులతో ఇంట్లోకొచ్చి!"

దేవ్లా చెప్పులు అక్కడే విడిచాడు. ఆగకుండా ముందుకెళ్ళాడు. "సార్, అమ్మను కుర్చీల కూసోబెట్టున్రి. మీరే వాకర్ పట్టుకొని లోపలికి పోయి సూడున్రి. బరువంతా దాని మీదెయ్యున్రి" అన్నాడు.

తల్లిని కూర్చోబెట్టి రామారావు కోపంగానే వాకర్ లాక్కుని గదిలోకి వెళ్ళాడు. రెండో అడుగుకే వాకర్ ఎడమ కాలు ఫోమ్‌లో దిగబడింది, వాకర్ పక్కకు ఒరిగింది. నిక్షేపంలాంటి కాళ్ళున్నవాడే గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"పొద్దున బాగుంటదన్నది నువ్వేగా?" అంది నిర్మలాదేవి. ఆమె ముఖం పాలిపోయింది.

"అవ్ అమ్మా. తప్పని తెలిసే అన్న. మీకు ఎదురు చెప్పాల్నంటే భయమైంది."

"మరి ఇప్పుడు భయం పోయిందా?" కుర్చీలోంచి పద్మావతమ్మ అడిగింది.

"లేదమ్మా. ఇంకా ఎక్కువైంది."

రామారావు ఏదో అనబోయాడు. తల్లి చెయ్యెత్తి ఆపింది. "అతన్నేం అనకు. నాకూ భయంగానే ఉందిరా. ఆసుపత్రిలో డాక్టరూ, నర్సులూ, మీరూ అంతా బాగా నడుస్తున్నావంటుంటే నేనూ ఆఁ ఆఁ అన్నాను. ఒక్క అడుగు వెయ్యాలన్నా నాకు గుండెలు జారిపోతున్నాయి" అంది.

దేవ్లా వరండాలోంచి రబ్బరు చుట్ట తెచ్చాడు. కార్పెట్ లేపి, ఫోమ్ అంతా పీకి బయట పడేసి, రబ్బరు పరిచి, మళ్ళీ కార్పెట్ బిగించేసరికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ పద్మావతమ్మ గుమ్మం దగ్గర కుర్చీలోనే కూర్చుని చూసింది. పడుకోమంటే పడుకోలేదు. పని పూర్తయ్యాక వాకర్‌ను అతని వైపు తోసింది.

"ముందు నువ్వు నడువు. నేను చూస్తాను."

దేవ్లా వాకర్ పట్టుకుని, బరువంతా దాని మీద మోపి, గుమ్మం నుంచి మంచం దాకా వెళ్ళాడు. మంచం నుంచి గుమ్మానికి వచ్చాడు. వాకర్ కాళ్ళు ఎక్కడా దిగలేదు, ఒరగలేదు. ఆమె మాత్రం వాకర్ కాళ్ళ వంక చూడటం లేదు.

"నీ కాళ్ళు కూడా వణుకుతున్నాయేమయ్యా" అని, కొడుకు చెయ్యి పట్టుకుని లేచింది.