మడతలోకి జారిన అక్షరాలు

సంధ్యారాణి అన్నం డబ్బా మూత తీస్తుండగా ఆఫీసు ఫోను మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. కింద ఎవరో మైకులో లెక్కలు చెబుతుంటారు. పైన పాత పత్రికలు ఒక్కొక్కటిగా వెలుతురులోకి వచ్చి, ఫొటో దిగి, మళ్లీ చీకట్లోకి వెళ్లిపోతుంటాయి. యూనివర్సిటీ లైబ్రరీ తన పాత పత్రికలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఆ గదులు కిరాయికి తీసుకుంది. ఆ పనంతా ఆమె చేతుల మీదుగానే నడుస్తుంది.

"ఏవమ్మా, పాత పత్రికలు ఇంటర్నెట్లో పెట్టింది మీరేనా?" అవతల ఒక పెద్దావిడ గొంతు. గోదావరి నీళ్లు తాగి పెరిగిన గొంతు.

"మేమేనండీ. చెప్పండి."

"నా పేరు సూర్యప్రభ. కర్మన్‌ఘాట్‌లో ఉంటాం. పెళ్లి కాకముందు 'పొద్దుమల్లి'లో ఓ కథ రాశాన్లే. మా కోడలు వెతికి పెట్టింది. తీరా చదవబోతే ఓ పేజీలో పంక్తుల చివర్లు లేవు, పక్క పేజీలో మొదళ్లు లేవు. నా కథలో పిల్ల పేరు విశాలాక్షి. మీ దాంట్లో 'విశా' దగ్గర ఆగిపోయింది. పాపం, దాన్ని సగం మనిషిని చేశారు గదే!"

ఆవిడ నవ్వింది. సంధ్యారాణికి నవ్వు రాలేదు.

"ఒక్క నిమిషం అమ్మా, చూసి చెప్తాను" అని ఆ సంపుటం ఫొటోలను కంప్యూటర్‌లో తెరిచింది. మొదటి పేజీలు అద్దంలా ఉన్నాయి. చివరి పేజీలూ అంతే. మధ్యకు వెళ్లింది. రెండు పేజీలు కలిసే చోట నల్లటి నీడ ఒకటి, వాగులా పారుతోంది. పంక్తులు దాని ఒడ్డుదాకా వచ్చి వంగి, అందులో మునిగిపోతున్నాయి. మరో సంపుటం తెరిచింది. అక్కడా అదే వాగు.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. పుస్తకం చూసి సరిచేస్తాం."

"తొందరపడకు. ఇన్నేళ్లు ఆగినదాన్ని, ఇంకో నాలుగు రోజులు ఆగలేనా?" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆగలేనిది ఆవిడ కాదు, పుస్తకం. 'పొద్దుమల్లి' సంపుటాలు యూనివర్సిటీలో లేవు. పెద్ద అంబర్‌పేట్ గోదాములో ఉన్నాయి. ఆ లాటు, అంటే ఆ విడత కట్టలన్నీ, ఈరోజే లారీలో కాగితం మిల్లుకు వెళ్లాలి. మిల్లులో వాటిని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. 'ఫొటోలు బాగా వచ్చాయి, అసలు ప్రతులు ఇక అక్కర్లేదు' అన్న సర్టిఫికెట్ మీద సంతకం సంధ్యారాణిదే.

నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, లైబ్రరీ సైన్సు చదివి, ఏ కొలువులోనూ కుదురుగా నిలవని మనిషి ఆమె. ఒక కాలేజీలో కొన్నాళ్లు, ఒక బడిలో కొన్నాళ్లు పనిచేసి, చివరికి ఈ ప్రాజెక్టుకు చేరింది. పాత పత్రికలంటే ఆమెకు ఒక పిచ్చి ప్రేమ. ఏ పత్రికకు ఏ నెల సంచిక లేదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చెదలు తిన్న పేజీని చూస్తే, చెంపకు దెబ్బ తగిలిన పిల్లను చూసినట్టు చూస్తుంది. కానీ గడువు అనేది ప్రేమను ఎక్కువసేపు కూర్చోనివ్వదు. పేజీలు లక్షల్లో ఉన్నాయి, చూసే కళ్లు రెండే. అందుకని ఆమే ఒక పద్ధతి పెట్టింది. ప్రతి సంపుటంలో మొదటి కొన్ని పేజీలు, చివరి కొన్ని పేజీలు చూడాలి. అవి బాగుంటే అంతా బాగున్నట్టే. ఒక మీటింగులో ఆ పద్ధతి గురించి నిలబడి చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంది.

ఇప్పుడు ఆ చప్పట్లు చెవుల్లో వేరేలా మోగుతున్నాయి. లావుగా బైండు చేసిన పుస్తకం స్కానర్ కింద మొదట్లో, చివర్లో మాత్రమే బల్లపరుపుగా పడుకుంటుంది. మధ్యకు వచ్చేసరికి వీపు ఉబ్బి, నడిమి మడత లోయలా లోతవుతుంది. అక్షరాలు మునిగే చోటును వదిలేసి, మునగని చోట్లు మాత్రమే చూసే పద్ధతి పెట్టిందన్న మాట. దారంతో కుట్టిన పుస్తకాలను రోజూ చేత్తో తిప్పే మనిషికి ఇది తెలియదా? తెలుసు. గుర్తు రాలేదంతే.

అన్నం డబ్బా అలాగే మూసేసింది. గోదాము కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. భర్త శేఖర్‌కు చేసింది. అతను ఎల్బీనగర్‌లో ఒక పార్సిల్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు.

"ఎల్బీనగర్ మెట్రో కాడికి బండి తీస్కొని రా. పెద్ద అంబర్‌పేట్ పోవాలె."

"ఇప్పుడా? ఏంది, నీ పుస్తకాలు అలిగి ఎల్లిపోయినయా?"

"జోకులెయ్యకు శేఖర్. మస్తు పరేషాన్‌ల ఉన్న."

మెట్రోలో సీటు ఉన్నా కూర్చోలేదు. చైతన్యపురి దాటుతుంటే కిటికీలోంచి ఎండ తెల్ల కాగితంలా ఊరి మీద పరుచుకొని ఉంది. ఆ కాగితం కూడా మధ్యలో ఎక్కడో మడత పడి ఉంటుందని, ఆ మడతలో ఇళ్లు, మనుషులు కొందరు కనపడకుండా పోయి ఉంటారని ఆమెకు అనిపించింది. ఒక్క ఫోన్ చేస్తే లారీ ఆగుతుంది. లైబ్రేరియన్ మురళీకృష్ణ గారికి చేయాలి. రెండుసార్లు నంబరు తీసి, రెండుసార్లూ ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

హయత్‌నగర్ దాటాక, బండి నడుపుతూ శేఖర్ అదే అడిగాడు.

"మీ సార్‌కు ఒక్క మాట జెప్తే అయిపాయె గద. గింత ఉరుకుడెందుకు?"

"ఎందుకాపాలె అని అడుగుతడు."

"అడిగితే చెప్పు."

"ఏం చెప్పాలె? మధ్యల చూడకుంటనే సంతకం పెట్టిన అనా? నా కాంట్రాక్టు పొడిగిచ్చే ఫైలు గీ వారమే ఆయన టేబుల్ మీదుంది."

శేఖర్ బండి వేగం పెంచాడు.

గోదాము ముందు లారీ నిలబడి ఉంది. కట్టలన్నీ ఎక్కించేసి తాళ్లు బిగిస్తున్నారు. గోదాము చూసుకునే లచ్చయ్య నీడలో కూర్చొని చుట్ట వెలిగిస్తున్నాడు.

"ఏంది బిడ్డా, గింత ఎండల పడొచ్చినవ్?"

"కాకా, 'పొద్దుమల్లి' కట్టలు దించాలె."

"ఎక్కియ్యమన్నది మీరే, దించుమన్నది మీరే. గివి మా నడుములనుకున్నరా, మీ కంప్యూటర్ బటన్‌లనుకున్నరా?"

"నవ్వులాట కాదు కాకా. ఫొటోలు కరాబైనయి. గివి పోతే మల్ల దొరకయి."

అది నిజం. ఎన్ని లైబ్రరీల కేటలాగులు వెతికినా ఆమెకు ఆ పత్రిక ఇంకెక్కడా కనపడలేదు.

లచ్చయ్య ఆమె ముఖంలోకి చూసి మెత్తబడ్డాడు. "చూస్తే చూసుకో. దించుడు మాత్రం నాతోటి కాదు. పెద్దసారు నోటితోటి చెప్పాలె. లేకుంటే ముందుగాల నా కొలువు పోతది."

ఆమె టైరు మీద కాలు పెట్టి పైకి ఎక్కింది. శేఖర్ కిందనుంచి పట్టుకున్నాడు. అంచున ఉన్న ఒక 'పొద్దుమల్లి' కట్టలోంచి ఒక సంపుటాన్ని లాగి, సరిగ్గా మధ్యకు తెరిచింది. రెండు బొటనవేళ్లతో మడతను మెల్లగా విడదీసింది. దారం కిర్రుమంది. చిన్న ఊరి నుంచి ఎవరో గృహిణి సంపాదకురాలికి రాసిన ఉత్తరం అది. కిరసనాయిలు దొరకక రాత్రిళ్లు పత్రిక చదవలేకపోతున్నామని, అచ్చు కాస్త పెద్దక్షరాల్లో వేస్తే పొయ్యి వెలుగులోనైనా చదువుకుంటామని రాసింది. పంక్తుల చివరి మాటలన్నీ ఉన్నాయి. ఎండ ఎన్నడూ తగలని చోట, అచ్చయిన నాటి నలుపుతో.

పొయ్యి ముందు వంగి చదివిన మనిషి ఒకామె ఉండేదని చెప్పే కాగితం ఇది. సాయంత్రానికి నీళ్లలో ఉంటుంది.

డ్రైవర్ క్యాబిన్ ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. కట్టల కింద లారీ వణికింది. ఆమె సంపుటాన్ని పొట్టకు ఆనించుకొని, ఒక చేత్తో ఫోను తీసి మురళీకృష్ణ గారి నంబరు నొక్కింది.

"సార్, సంధ్యారాణిని. పెద్ద అంబర్‌పేట్ గోదాం కాడున్న. లారీ ఆపించండి."

"ఎందుకమ్మా? అన్నీ పాసైనవే కదా."

"నేనే పాస్ చేశాను సార్. తప్పు చేశాను. మధ్య పేజీలు చూడలేదు. మడతలో అక్షరాలు పోయినయి."

అటు వైపు కుర్చీ కదిలిన చప్పుడు. "ఈ ఒక్క పత్రికేనా?"

ఒక్కటే అంటే సరిపోయేది.

"కాదు సార్. అన్నీ అట్లనే చూసిన."

ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది. "లచ్చయ్యకు ఫోన్ ఇవ్వు."

లచ్చయ్య ఫోను చెవికి పెట్టుకొని లేచి నిలబడి, "అట్లనే సార్, అట్లనే" అంటూ చేయి పైకెత్తి డ్రైవర్‌కు సైగ చేశాడు. ఇంజన్ ఆగింది. కూలీలు తిట్టుకుంటూ తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. ఫోను మళ్లీ ఆమె చేతికి వచ్చింది.

"ఫైలు సంగతి తర్వాత మాట్లాడదాం" అన్నాడాయన. "ఇది చెప్పు. ఇంతకుముందు నువ్వు పాస్ చేసిన లాట్లు?"

శేఖర్ మొదటి కట్టను భుజానికి ఎత్తుకున్నాడు. ఆమె హైవే వైపు చూసింది. లారీలు ఒకదాని వెనుక ఒకటి వెళ్తూనే ఉన్నాయి.

"పోయినయి సార్" అంది.