రామక్క చేదు

ఎవరైనా ఎదురుపడితే మనం ముఖం చూస్తాం. మా వీధి రామక్క నాలుక చూస్తుంది. "బాగుండావా?" అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా ముందు "నాలిక చూపిచ్చు" అనాల్సిందే. ధర్మవరంలో మా మగ్గాల వీధి పిల్లలకు మాటలు రాకముందే నాలుక చాపడం వచ్చేస్తుంది.

చూపించామా, అయిపోయినట్టే. తెల్లగా ఉంటే పైత్యం, ఎర్రగా ఉంటే వేడి. మామూలుగా ఉంటే మరీ ప్రమాదం. "రోగం లోపల దాక్కోనుండాది, ఇది శానా చెడ్డది" అంటుంది. అన్నిటికీ మందు ఒకటే, నేలవేము కషాయం. ఆకు కోసం పెనుకొండ కొండకు బస్సులో పోతుంది. తెచ్చి, ఎండబెట్టి, కాచి, స్టీలు చెంబు నిండా పోసుకొని ఇంటింటికీ తిరుగుతుంది. పొద్దున తాగితే సాయంత్రం బెల్లం తిన్నా చేదుగానే ఉంటుంది.

పక్కింటి మమతను చూసుకోవడానికి హిందూపురం నుంచి పెళ్ళివారొచ్చారు. పెళ్ళికొడుకు కాఫీ గ్లాసు ఎత్తబోతున్నాడు, రామక్క లోపలికొచ్చింది.

"ఏమప్పా, నాలిక చూపిచ్చు."

మా ఊరి ఆచారమేమో అనుకున్నాడు పాపం, పెద్దల ముందే నాలుక బయటపెట్టాడు. "అయ్యో, కడుపు శుభ్రం లేదే!" అని కాఫీ లాక్కొని కషాయం చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ చివాలున లేచింది.

"మా పిల్లోడికి ఏ రోగమూ లేదమ్మా!"

"రోగముండేటోళ్ళంతా అట్లనే అంటారు."

వాడు కళ్ళు మూసుకొని తాగేశాడు. ఇది తాగినవాడు దేన్నైనా ఓర్చుకుంటాడని మమత ఆ సంబంధానికే ఒప్పుకుంది.

కొందరికి మందుతో పాటు పథ్యం కూడా ఉండేది. రాగిసంగటి, దాంట్లోకి చెనక్కాయలు నూరిన ఊరుబిండి. అది కూడా రామక్కే వండి తేవాలి, ఇంకొకరు వండితే మందు విరిగిపోతుందట. ఆ సంగటి మీద ఆశతో షావుకారు రమేష్ ఒకసారి చెంబుడు కషాయం తాగి, "పథ్యమేమన్నా ఉండాదా అక్కా?" అని అడిగాడు. "నీకు పథ్యం వద్దు. మందే ఇంకొంచెం తాగు" అంది. ఇదేం వైద్యమో అని వీధంతా నవ్వుకున్నాం.

మా మగ్గం ఆగిపోయాక నాకు నవ్వు పోయింది. మిషన్ మగ్గాల చీరలు దిగిపోయి షావుకారు మాకు నేయడానికి వార్పు పట్టు పంపడం మానేశాడు. పొద్దున లేస్తే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునే మా నాయన నరసింహులు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఎప్పుడో పోయింది. నేను చీరల కొంగులకు కుచ్చులు కట్టి, ఆ కూలీతో బియ్యం తెచ్చి వండితే ముట్టలేదు.

"ఆడబిడ్డ కష్టం తినే గతి ఇంకా పట్టలేదు శైలజా నాకు" అన్నాడు.

ఇరుగుపొరుగు ఏదైనా తెస్తే తలుపు వేసెయ్యమనేవాడు. నేను తట్టుకోలేక కొట్లాడితే ఒక ముద్ద మింగి, మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. బత్తలపల్లి ఆసుపత్రికి పిలుచుకొని పోయాను. డాక్టరమ్మ అన్నీ చూసి, "జబ్బేమీ లేదు, బాగా తినిపించండి" అంది. అదే కదా నా చేత కానిది! ఏడ్చాను, తిట్టాను, ఒకరోజు కంచం విసిరికొట్టాను. ఈ మనిషి నా కళ్ళముందే ఎండిపోయి పోతాడని తెలిసిపోయింది. ఇంక నాకు ఏ ఆశా మిగల్లేదు.

అప్పుడొచ్చింది రామక్క, చెంబుతో.

"ఏమబ్బా నరసింహులూ, నాలిక చూపిచ్చు."

ఎవరితోనూ మాట్లాడని మనిషి ఇటు తిరిగి నాలుక చూపించాడు. ఏళ్ళనాటి అలవాటు మరి! "శానా ముదిరిండాది" అంటూ ఆమె గ్లాసులో పోస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"కూడు తినని మనిషికి కషాయం పోస్తావా? చంపుతావా ఏంది?"

"నువ్వు నోరు మూసుకో అమ్మీ. మందుకు అడ్డం రాకూడదు."

నాయన తాగాడు. ఆమె కొంగు చాటు నుంచి సంగటి గిన్నె తీసింది.

"సంగటి నాకొద్దక్కా."

"సంగటని ఎవరన్న్యారు? పథ్యం ఇది. మందు తాగి పథ్యం చెయ్యకుంటే ఆ పాపం ఇచ్చినోళ్ళకు తగుల్తుంది. నా మీదేంటికి పెడతావబ్బా?"

తన వల్ల ఇంకొకరికి పాపం తగలనిచ్చే మనిషి కాదు మా నాయన. ముద్ద తుంచి మింగాడు, ఇంకోటి తుంచాడు. ఇంట్లో ఒకరికి మందైతే అందరికీ పథ్యమేనట, నాకూ పెట్టింది. రోజూ అదే తంతు.

ఒకరోజు వెనకాలే పోయి వీధిలో నిలేశాను. "ఆ చేదేంటికక్కా? ఉత్త సంగటి పెడితే చాలదా?"

"చేదు లేకుంటే మీ నాయన దాన్ని కూడనుకుంటాడమ్మీ. కూడైతే తింటాడా?"

షావుకారుకు పథ్యం ఎందుకు లేదో అప్పటికి నా మట్టిబుర్రకెక్కింది. ఆమె మీద కోపమంతా పోయి అక్కడే ఏడుపొచ్చింది.

తర్వాత ఉన్నట్టుండి ఆమె రావడం మానేసింది. చూద్దామని పోతే చాప మీద పడుకొని ఉంది. రాగుల డబ్బా బోర్లించి ఉంది. మడకశిర నుంచి ఆమె తమ్ముడు పంపే రాగులే ఈ వీధికి పథ్యం. ఈసారి అతనికి పంట రాలేదట.

"ఏమన్నా తింటివా?"

"ఒంట్లో వేడి చేసిండాది. లంకణం మంచిదే" అని అటు తిరిగింది, అచ్చం మా నాయనలాగే.

ఇంటికొచ్చి నాయనతో చెప్పాను. చప్పున లేచి కూర్చున్నాడు.

"రాగిపిండి ఉండాదా?"

"ఉండాది. నా కుచ్చుల కూలీతో తెచ్చినదే" అన్నాను, కావాలనే.

మంచం దిగాడు. "ఎసరు పెట్టు" అన్నాడు.

సంగటి తనే గెలికాడు. రామక్క మా ఇంట్లో వదిలిన కషాయం గ్లాసులో పోసుకొని, చాన్నాళ్ళకు గడప దాటాడు. గిన్నె పట్టుకొని వెనకాల నేను.

"అక్కా, నాలిక చూపిచ్చు."

"నాకేంటికబ్బా?"

"చూపిచ్చు అంటాండా!"

చూపించింది. "శానా ముదిరిండాది" అని గ్లాసు అందించాడు. ఒక్క గుక్క తాగిందో లేదో రామక్క ముఖం వంకర్లు పోయింది.

"థూ! థూ! ఇంత చేదా! ఇన్నాళ్ళూ ఎట్ల తాగినార్రా మీరంతా?"

ఊరందరికీ పోసిన మనిషి ఒక్కనాడూ రుచి చూడలేదు! నాయన నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను మరిచేపోయాను. సంగటి ఆమె ముందు పెట్టాడు.

"పథ్యం చెయ్యక్కా."

"ఎవరి కష్టమబ్బా ఇది?"

"మా అమ్మిది."

"అయితే నువ్వు తిను ముందు."

నాయన ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు తక్కువైందే" అంటూ ఇంకోటి తుంచాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే రామక్క నోట్లో ముద్దతోనే నావైపు తిరిగింది.

"యాలమ్మీ ఏడుస్తాండావు? యాదీ, నాలిక చూపిచ్చు!"

చూపించాను. మిగిలిన కషాయమంతా నాకే తాగించింది.