గుమ్మంలో దొరికిన ఇంటిపేరు

పలకలమ్మ దుకాణంలో ఆవిడ కూర్చుంటే ఇంకొకరికి చోటుండదు. కొనేవాళ్ళు వీధిలో నిలబడే మాట్లాడాలి. తలుపులకు బిగించుకునే ఇత్తడి పేరుపలకలు చెయ్యడం ఆవిడ పని. ఉలితో అక్షరం తవ్వి, ఆ గాడిలో నల్ల లక్క కరిగించి పోసి, ఆరాక గుడ్డతో రుద్దిందంటే పలకలో మొహం చూసుకోవచ్చు. మా వీధి రేవుకు దగ్గర. ఓడ దిగి ఇక్కడే ఉండిపోయిన నానా దేశాలవాళ్ళు ఉన్నారు. అందరి తలుపుల మీదా ఆవిడ అక్షరాలే.

పని ఒప్పుకునే ముందు ఆవిడ తప్పకుండా అడిగే మాట ఒకటుంది.

"మీ ఇంటిపేరుకు అర్థమేంటండీ?"

చెప్పేదాకా ఉలి కదలదు. ఒకరి పేరుకు వాగు అవతలివాళ్ళని అర్థం. ఇంకొకరిది బట్టలకు రంగులద్దేవాళ్ళని. ఒకావిడ పేరుకు తోడేలని అర్థమట, మనిషి చూస్తే పిల్లికి కూడా దారి వదిలే రకం. నెత్తిన పొదలాంటి జుట్టున్న ఒకాయన వచ్చి, "బట్టతల అని అర్థమండీ" అన్నాడు.

"మరి మీకు రాలేదేం?"

"ఏ ముత్తాతకో ఉండి ఉంటుంది. బుర్ర మీద జుట్టొచ్చింది గానీ పేరు మాత్రం పోలేదు."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. ఆవిడకు మాత్రం ఆ ముత్తాత మీదే కుళ్ళు. బట్టతలైతేనేం, వాడికో ముత్తాత ఉన్నాడు. ఎక్కడో ఒక వాగు పక్కన, ఒక కొలిమి పక్కన, ఆ పేరు మొదట పెట్టుకున్న ముసలాయన ఒకడు ఒకప్పుడు నిలబడి ఉన్నాడు. ఆవిడ వెనక ఎవరున్నారు?

పలకలమ్మ అనాథాశ్రమంలో పెరిగింది. అక్కడి పిల్లలందరికీ ఒకటే ఇంటిపేరు తగిలించేవారు. గుమ్మంలో దొరికినవాళ్ళు అని ఆ మాటకు అర్థం. ఇలాంటి పేర్లు చాలా దేశాల్లో ఉన్నాయట, అయితే మాత్రం ఆవిడకేం ఒరిగింది? పెళ్ళయితే ఆడపిల్లకు ఇంటిపేరన్నా మారుతుంది. ఈవిడకు ఆ అదృష్టమూ పట్టలేదు. మనసుపడి చేసుకున్న మనిషి కూడా అదే ఆశ్రమంలో పెరిగినవాడే. ఆయన సిటీ బస్సు నడుపుతాడు, నోట్లో నాలుక లేని మనిషి.

ఒక్కగానొక్క కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. కుళాయిలు బాగుచేసే కుర్రాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అల్లుడు బంగారం, ఆ మాట పలకలమ్మే అంటుంది. చిక్కల్లా వియ్యపురాలితోనే. ఆవిడది రొట్టెల కొట్టు. వాళ్ళ ఇంటిపేరుకు పిండిమరవాళ్ళని అర్థం. పెళ్ళి మాటలనాడే మొదలుపెట్టింది.

"మా తాతల నాటి మర వదినగారూ. ఈ ఊళ్ళో రొట్టె తిన్న ప్రతి నోరూ మా పిండి తిన్నదే."

పెళ్ళికి పెద్దల ఫొటోలు కూడా మోసుకొచ్చి గోడకు వరసగా తగిలించింది. పలకలమ్మ ఆ మీసాలనూ తలపాగాలనూ ఒక్కొక్కటే చూస్తూ, పైకి "ఎంత బాగున్నారో" అంటూ, లోపల పళ్ళు నూరుకుంది.

ఇక్కడి పద్ధతిలో పెళ్ళయిన జంటకు ఒకటే ఇంటిపేరు ఉండాలి. మొగుడిదైనా సరే, పెళ్ళాందైనా సరే. అయితే పెళ్ళాం పేరు పెట్టుకున్న మగాణ్ణి మా వీధిలో ఎవరూ చూడలేదు. కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, మా తలుపుకు పలక కావాలి. ఏ పేరో ఇంకా మాట్లాడుకుంటున్నాం. ఆదివారం భోజనానికి రండి, చెప్తాం. అప్పుడు మొదలుపెట్టు."

'మాట్లాడుకునేదేముంది, ఆ పిండిమరేగా' అనుకుంది పలకలమ్మ. ఇక తన బిడ్డ కూడా ఆ మీసాల వరసలోకి పోతుంది. కన్నదానికి మిగిలేది గుమ్మమే. పుచ్చిన పన్ను ఎప్పుడో పీకించుకోవాల్సిందేగా, ఇప్పుడే పీకించుకుందాం అన్నట్టు ఆ సాయంత్రమే కూర్చుని చెక్కేసింది. చెక్కుతున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది. మండేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతున్న సంగతి ఆవిడ చూసుకోలేదు.

ఆదివారం వియ్యపురాలు ముందే వచ్చి కూర్చుంది. పలక అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"వదినగారూ, ఇవి అక్షరాలా, చీమలా?"

"పలక చిన్నదండీ."

"పళ్ళెమంత ఉంది. మధ్యలో మా పేరే ఆవగింజంత ఉంది. పోస్టుమాన్ తలుపుకు ముక్కు ఆనించి చదువుకోవాలి కాబోలు."

"చదవడం దేనికి? మీ ఇంటిపేరు మీరు చెప్పగా వినని మనిషి ఊళ్ళో ఉన్నాడా?"

బస్సాయన బల్ల కింద భార్య కాలు తొక్కాడు. ఆవిడ కాలు లాక్కుంది.

"నన్ను తొక్కకు. చెప్పనీ. మీకేమండీ, మర ఉంది, మీసాలున్నాయి, గోడ నిండా తాతలున్నారు. నా వెనక ఒక గుమ్మం, ఓ దుప్పటి. ఉన్న ఒక్క పిల్లనూ మీ వరసలోనే నిలబెడుతున్నాను. అక్షరాలు కూడా పెద్దగా కావాలా మీకు?"

వియ్యపురాలు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గోడ మీద ఉన్నవాళ్ళను చూశారు సరే, కుర్చీల్లో చూశారా? మా ఆయన పోయాక మర వాటా దగ్గర మా మరుదులు విడిపోయారు. పెళ్ళికి పిలుద్దామంటే ఫోనే ఎత్తలేదు. మా వైపు నేనూ, మా కొట్లో పనిచేసేవాళ్ళూ. మీ ఆశ్రమంవాళ్ళు మాత్రం కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అంతా అక్కా, బావా, తమ్ముడూ అని. ఆ రోజు నాకు ముద్ద మింగుడు పడలేదు వదినా. ఇంటికెళ్ళి ఏడ్చాను."

పుట్టి బుద్ధెరిగాక పలకలమ్మను చూసి ఒకరు కుళ్ళుకోవడం ఇదే మొదలు. పాపం అనుకోవాల్సిన చోట, ఆవిడకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఇంకాస్త కూర వడ్డించుకుంది.

అప్పుడు అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, మీరు తొందరపడి చెక్కేశారు. మేం తేల్చుకున్నది మీ ఇంటిపేరు."

"నాదా? పిచ్చా నీకు? దాని అర్థం తెలుసా?"

"తెలుసు. పెళ్ళినాడు మీ ఆశ్రమం మెకానిక్ బాబాయి నన్ను వాటేసుకుని, ఇవాళ్టి నుంచి మనవాడివిరా అన్నాడు. మా సొంత బాబాయి ఆ మాటనలేదు నాతో. నాకు అందులో ఉండాలనుంది."

కూతురు తల్లి వైపు చూడకుండా మంచినీళ్ళు పోస్తూ, "నేను అడగలేదమ్మా, తనే అన్నాడు" అంది.

వియ్యపురాలి మొహం వాడిపోయింది. ఆ చీమల పలకే చేతిలోకి తీసుకుంది.

"ఇది నాకిచ్చెయ్యండి. మా తలుపుకు పెట్టుకుంటాను."

"ఉండండి వదినా, మీకు పెద్దక్షరాలతో వేరేది చేసిస్తాను."

"ఇంకెందుకు పెద్దవి? ఆ పేరుతో ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే."

తిరుగు బస్సులో మొగుడి పక్కన కూర్చుంది పలకలమ్మ. ఆ రోజు ఆయనకు సెలవు, మామూలు జనంలా టికెట్టు కొనుక్కుని ఎక్కాడు. భార్య సంతోషంతో ఉబ్బిపోతుందని ఆయన ఎదురుచూస్తే, ఆవిడ మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తోంది.

"ఇప్పుడేమయిందే?"

"వాడు చూడు. కావాలని అడిగి తీసుకున్నాడు. నన్నెవరైనా అడిగారా? ఊయల్లో ఉండగా తగిలించారు. ఇన్నేళ్ళు తలొంచుకు మోసింది నేను, దర్జాగా పెట్టుకునేది వాడు."

"ఇక అల్లుడి మీద కూడానా?"

"నువ్వు మాట్లాడకు. నువ్వూ వేరే పేరు తేలేదు నాకు."

ఆయన నవ్వాపుకోడానికి దగ్గాడు.

మర్నాడు అల్లుడు పని మధ్యలో దుకాణం ముందు ఆగాడు. కొత్త పలక మీద సుద్దతో గీసిన గీతలు చూశాడు. అక్షరాలు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పట్టేశాయి. ముచ్చటేసి చెయ్యి చాపాడు.

"అత్తయ్యా, మొదటి అక్షరం నన్ను కొట్టనివ్వరా? మన పేరేగా."

పలకలమ్మ ఉలి వెనక్కి లాక్కుంది.

"నీకు నిన్ననే వచ్చింది. చెయ్యి తియ్యి, ముందు నన్ను చెక్కుకోనీ."