పక్కింటి పెద్దమ్మ అడిగిన బొమ్మ

మా అన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో రంగుల బొమ్మలు వేసేవాడు. డెబ్బైల మొదట్లో అబిడ్స్‌లోని ఒక హాల్లో అతని మొదటి ఎగ్జిబిషన్ జరిగింది. అందులో, ఉప్పల్‌లో మా పక్కింటామె కొడుకు బర్రెను కడుగుతున్న బొమ్మ ఒకటి ఉంది. ఆ బొమ్మ వేసిన కొన్నాళ్లకే వరంగల్ రోడ్డు మీద లారీ గుద్ది ఆ కొడుకు చనిపోయాడు. వాళ్లింట్లో అతని ఫోటో ఒక్కటీ లేదు.

అందుకే ఆమెను బస్సెక్కించి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాను. బొమ్మ ముందు నిలబడి ఆమె చాలాసేపు ఏడ్చింది.

"బిడ్డా, నా కొడుకును ఇంటికి తీస్కపోత," అంది అన్నతో.

అప్పటికే ఆ బొమ్మను బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన కొనేశాడు. అన్న ఎంత బతిమాలినా అతను వదులుకోలేదు.

"ఇంకోటి ఏసిస్త పెద్దమ్మా," అని అన్న ఆమెకు మాటిచ్చాడు.

ఆ ఎండాకాలమంతా వేస్తూనే ఉన్నాడు. వేసిన ప్రతిసారీ ఆమె వచ్చి చూసి, తల అడ్డంగా ఊపేది. చివరికి ఒకరోజు అన్న చేతిలోని కుంచెను పట్టుకుని ఆపింది.

"ఇగ ఇడువు బిడ్డా. మంచిగనే ఏసినవ్ గానీ, ఈడు నా కొడుకు గాడు. ఇవన్నీ సూస్తుంటే వాని అసలు మొఖం గూడ మర్సిపోతున్న."

ఆ తర్వాత ఆమె మా ఇంటి గడప తొక్కలేదు. అన్న కూడా మళ్లీ ఏ మనిషి ముఖమూ వేయలేదు.