వెనక తలుపు తెరిపించిన టీచరమ్మ

మా టీచరమ్మ నిన్న పొద్దున పోయారు. సూరత్‌లో మరమగ్గాల మీద బతికే మా తెలుగు కుటుంబాల పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి. కబురు విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటాను, లేస్తాను, స్టవ్ వెలిగించి ఆర్పేస్తాను. రేపు సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడటం నేర్పిన మనిషి గురించి ఏం మాట్లాడను?

క్లాసులో ఎవరైనా గొంతు పెంచితే ఆమె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేవారు. గొంతు తగ్గాకే మళ్లీ పెట్టుకునేవారు. "నీకేం కావాల్నో తర్వాత చెప్పు. ముందు ఎదుటోడు దేనికి భయపడుతుండో చూడు," అనేవారు.

నేను కాలేజీలో ఉన్నప్పటి సంగతి. నాన్న పనిచేసే కార్ఖానాలో దొంగతనాల భయంతో యజమాని సేఠ్ వెనక తలుపుకు బయట తాళం వేయించేవాడు. ఒకరోజు మోటారు కాలి లోపలంతా పొగ కమ్మింది. ముందు తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. ప్రాణాలు దక్కాయి. మర్నాడు మళ్లీ అదే తాళం.

"పని బంద్ చేస్తం!" అని నాన్న ఇంట్లో ఎగురుతుంటే టీచరమ్మ వచ్చారు.

"బంద్ వద్దంటలేను తమ్మీ. జర ఒక్కసారి అడిగి చూడు. గిట్ల కోపంతోని పోతే ఆయన నీ కోపానికి జవాబు చెప్తడు, తాళానికి చెప్పడు."

"మరేం చెప్పాలె టీచరమ్మా?"

"ఇన్నేండ్లల్ల నీ చేతులకెళ్లి ఒక్క బట్ట గూడ పోలేదని చెప్పు. అప్పుడు నిన్ను నమ్ముతడు. లోపల గొళ్లెం, బయట వాచ్‌మెన్ ఉంటే దొంగతనం కాదని చెప్పు. అది కారణం. ఆఖరికి ఆ పొగల నీకేమైందో చెప్పు. చెప్పి ఊకో."

నాన్న, టీచరమ్మ, నేను సేఠ్ దగ్గరికి వెళ్లాం. మొదటి రెండూ నాన్న హిందీలో బాగానే చెప్పాడు. సేఠ్ ఫోన్ చూసుకుంటూ విన్నాడు. మూడోదానికి నాన్నకు హిందీ అందలేదు. తెలుగులోకి వచ్చేశాడు.

"ఆ పొగల నా బిడ్డ మొకం గూడ యాదికి రాలే సేఠ్. ఆ తాళం ఒక్కటే యాదికొచ్చింది."

ఆ బిడ్డ నేనే. గుజరాతీలో నేనే చెప్పాలి. తడబడుతూ చెప్పాను. సేఠ్ ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాడు. నేను ఇంకేదో అనబోయాను. టీచరమ్మ నా భుజం నొక్కారు.

సేఠ్ ఫోన్ బోర్లించి, వాచ్‌మెన్‌ను పిలిచి తాళంచెవి తెమ్మన్నాడు. "చావీ లావ్."

"ఉత్తగ ఏడిపిచ్చి ఒప్పిస్తే, ఏడుపు ఆగినంక మర్చిపోతరు. కారణం చెప్పినం గాబట్టి రేపు గూడ తాళం పడదు," అన్నారామె నాతో. పడలేదు కూడా.

ఆ పూట తాళం తీయగానే ఎండ లోపలికి దూకింది, పేరుకున్న దుమ్ము లేచింది. అందరం చూస్తూ నిలబడ్డాం. ఆమె మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పొగలోంచి బయటపడే మనిషిలా ఆ తలుపులోంచి గల్లీలోకి నడిచారు. మళ్లీ లోపలికి వచ్చారు. మళ్లీ గల్లీలోకి.