తేలనివ్వని నీళ్లు

ప్లాంటులో అందరూ అతన్ని చేప అనే పిలిచేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. వరదలో ఏరు ఈది, అవతలి ఒడ్డున టీ చెప్పి, అది చల్లారకముందే గ్లాసుతో సహా ఇవతలికి వచ్చేశానని చెప్పేవాడు. నమ్మనివాళ్లకు గ్లాసు కూడా చూపించేవాడు. అంతటి మొనగాడు, మురుగునీళ్లు శుభ్రం చేసే ఆ ప్లాంటులో ఒక్క ట్యాంకు పక్కన మాత్రం గోడకు ఒరుసుకుంటూ నడిచేవాడు.

అది గాలి ట్యాంకు. అడుగునున్న గొట్టాల్లోంచి గాలి తన్నుకొస్తుంటే పొయ్యి లేకుండానే నీళ్లు తెర్లుతుంటాయి. చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి. ఎండ నడినెత్తిన ఉన్నా, అక్కడ ఒంటరిగా నిలబడితే వీపు మీద ఎవరో ఊపిరి వదిలినట్టుండేది.

దాని గుట్టు అతనికి బావే చూపించాడు. బావంటే అక్క మొగుడు, ఈ ఉద్యోగం ఇప్పించినవాడు, ఆ హక్కుతో రోజూ దెప్పేవాడు. మెడ దాకా నీళ్లు నింపి మూత బిగించిన సీసాను మామూలు తొట్టిలో వేస్తే నెత్తి బయటపెట్టి తేలింది. దాన్నే గాలి ట్యాంకులో వేస్తే చప్పుడు లేకుండా మాయమైంది. నీళ్ల నిండా బుడగలే కదా, అంత జాగాలో మామూలు నీళ్లకుండే బరువు వీటికుండదు, తమకన్నా బరువైనదాన్ని ఎలా మోస్తాయన్నాడు బావ. సాంద్రత తగ్గడమంటే అదేనట. పైగా బుడగలతో పైకొచ్చి పక్కలకు పొర్లిన నీళ్లు మళ్లీ దిగుతూ మనిషిని కిందికే లాగుతాయి.

"నీ పప్పులు ఇక్కడ ఉడకవు బామ్మర్దీ. ఎవడైనా పడితే ముందు గాలి ఆపాలి. ఆపకుండా దూకావో, నువ్వు రెండో శవానివి."

ఒక మధ్యాహ్నం అక్క క్యారియర్ తెచ్చింది. బావ గాలి ట్యాంకు కమ్మీ మీదికి వంగి గొట్టానికి పట్టిన జిడ్డు గీకుతున్నాడు. తుప్పు పట్టిన కమ్మీ ఊడిపోయింది. అరుపు లేదు. నురగ ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

అక్క తమ్ముడి వైపు చూసింది. ఏరు ఈదిన తమ్ముడు ఆమె కళ్లెదుటే వీపు తిప్పి పరుగెత్తాడు. కాళ్లు స్విచ్చుల గది వైపు పోతున్నా ప్రాణం నీళ్లలోకే లాగుతోంది. వెనక ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "తమ్ముడూ" అని ఒక్కసారి పిలిచింది. అతను ఆగలేదు.

ఎర్ర స్విచ్చు నొక్కాడు. ఎప్పుడూ ఆగని మోత ఆగింది. తిరిగొచ్చేసరికి బుడగలు ఒక్కొక్కటే చస్తున్నాయి. నీళ్లు బరువెక్కి నల్లటి అద్దంలా పరుచుకున్నాయి. ఎప్పుడో పడిపోయిన చీపురుకర్ర ఒకటి నిలువునా పైకి లేచి నిలబడింది. కాసేపు ఇంకేమీ రాలేదు. ఆ తర్వాత, ట్యాంకు నడిమధ్య, వేళ్లు.

అప్పుడు దూకాడు. ఈసారి నీళ్లు మోశాయి.

గట్టు మీద బావ చాలాసేపు దగ్గి, నీళ్లు కక్కి, బామ్మర్ది వైపు తల తిప్పాడు.

"ఎవరూ కాళ్లు పట్టి లాగలేదురా. అందుకే ఎక్కువ భయమేసింది. చేతులు ఎంత ఆడించినా తగలడానికి అక్కడ ఏమీ లేదు. మోత ఆగాక కింద నుంచి ఏదో వచ్చి నన్నెత్తింది."

అక్క గేటు దాటేదాకా తమ్ముడి తడి చొక్కాను గుప్పిట్లోంచి వదల్లేదు.